నాలుగేళ్ల పరుగు... నూరేళ్ల కీర్తి!

గొప్ప ఆటగాడు అనిపించుకోవాలంటే ఎన్నేళ్లు ఆడాలి? పదేళ్లా, పదిహేనేళ్లా... నాలుగేళ్లు సరిపోవా? అమెరికాలో ఏటా జరిగే ఈ వాదనకు చివరి మజిలీ ఓ మామూలు ఊరు. పేరు క్యాంటన్.

క్లీవ్లాండ్ నుంచి దక్షిణంగా 77వ నంబరు రహదారి మీద వంద కిలోమీటర్ల దాకా వెళితే రోడ్డు పక్కనే ఓ వింత కప్పు కనిపిస్తుంది. గుండ్రటి భవనం, దాని నడినెత్తిన మొన ఆకాశంవైపు పెట్టి నిలబెట్టిన కోలబంతి. అమెరికా ఫుట్‌బాల్ అభిమానులకు అది గుడి గోపురంతో సమానం. దాని పేరు ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్. ఆ ఆటలో మహామహుల కాంస్య ప్రతిమలన్నీ కొలువుదీరింది అక్కడే.

ఒహాయో రాష్ట్రంలోని ఈ క్యాంటన్ పెద్ద నగరమేమీ కాదు. 1950లో లక్షా పదహారు వేలు దాటిన జనాభా 2020 లెక్కల నాటికి 70 వేలకు దిగివచ్చింది. ఒకప్పుడు ఉక్కుకీ బేరింగులకీ పేరుమోసిన పారిశ్రామిక పట్టణం. అమెరికా 25వ అధ్యక్షుడు విలియం మెకిన్లీ ఈ ఊరివాడే. గుట్టమీద 108 మెట్లెక్కితే ఆయన సమాధి మందిరం. కానీ ఇవాళ ఊరి పేరు చెబితే జనానికి గుర్తొచ్చేది అధ్యక్షుడు కాదు, ఫుట్‌బాల్! కొలంబస్, క్లీవ్లాండ్ నగరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది గంట, రెండు గంటల ప్రయాణం. ఎండాకాలం సెలవుల్లో పిల్లలు పట్టుబడితే పెద్దలు తీసుకెళ్లక తప్పని చోటు.

కార్ల షోరూంలో పుట్టిన లీగ్

ఇంత పెద్ద ఆటకు ఇంత చిన్న ఊరే ఎందుకు?

1920 సెప్టెంబరు 17న క్యాంటన్‌లో ర్యాల్ఫ్ హే అనే వ్యాపారికి చెందిన కార్ల షోరూంలో కొన్ని జట్ల ప్రతినిధులు సమావేశమయ్యారు. అక్కడ అమ్మేవి హప్‌మొబైల్ కార్లు. వచ్చినవాళ్లందరికీ కుర్చీలు చాల్లేదు. కొందరు కార్ల ఫుట్‌బోర్డుల మీదే కూర్చున్నారు. ఆ కూర్చోవడంలోనే ఒక లీగ్ పుట్టింది. రెండేళ్లకు దాని పేరు నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌గా మారింది. వేల కోట్ల డాలర్ల వ్యాపారంగా ఎదిగిన ఎన్ఎఫ్ఎల్ పుట్టిల్లు ఆ షోరూమే!

లీగ్‌కు తొలి అధ్యక్షుడు జిమ్ థోర్ప్. అమెరికా ఆదివాసీ బిడ్డ. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింట్లోనూ బంగారు పతకాలు గెలిచాడు. అంతకుముందు డబ్బు తీసుకుని బేస్‌బాల్ ఆడాడంటూ మరుసటి ఏడే వాటిని లాగేసుకున్నారు. తరవాత క్యాంటన్ బుల్‌డాగ్స్ జట్టుకి ఆడుతూ ఈ ఊరిని ఫుట్‌బాల్ పటంలోకి ఎక్కించాడు. ఆ ఒలింపిక్ విజయాలకు ఏకైక విజేతగా ఆయనకు పూర్తి గుర్తింపు మళ్లీ దక్కింది 2022లో... ఆయన పోయిన దాదాపు డెబ్భై ఏళ్లకు! హాల్ ఆఫ్ ఫేమ్‌లో అడుగుపెట్టగానే ఎదురయ్యేది బంతి పట్టుకుని పరుగెడుతున్న థోర్ప్ విగ్రహమే. రావలసిన గౌరవం ఒక్కోసారి ఎంత ఆలస్యంగా వస్తుందో గడపలోనే చెబుతున్నట్టుంటుంది.

చీకటి గదిలో కంచు ముఖాలు

మ్యూజియంలో పాత జెర్సీలూ తోలు శిరస్త్రాణాలూ బురద మరకల బూట్లూ... చూడాల్సినవి చాలానే ఉన్నాయి. వచ్చినవాళ్లు మాత్రం ఎక్కువసేపు ఆగేది ప్రతిమల గదిలో. వెలుతురు తక్కువ. వరసలు తీరిన అరల్లో, ఒక్కో ముఖం మీద పడే చిన్న దీపం. 1963లో 17 మందితో మొదలైన ఆ వరస ఇప్పుడు 380 దాటింది. ఎంత వాగుడుకాయలైనా ఇక్కడికొచ్చేసరికి గొంతు తగ్గిస్తారు. రాత్రి తలుపులు మూశాక ఈ ప్రతిమలన్నీ ఒకదానితో ఒకటి కబుర్లు చెప్పుకుంటాయని తాను నమ్ముతానన్నాడు ప్రసిద్ధ శిక్షకుడు జాన్ మాడెన్, 2006లో తన ప్రతిమను ఇక్కడ పెట్టినప్పుడు.

ఆ వరసలోకి చేరడం తేలిక కాదు. ఆటగాడు ఆడటం మానేసి అయిదేళ్లు పూర్తికావాలి. ఆ తరవాత దాదాపు 50 మంది సభ్యులున్న సంఘం ఓటు వేయాలి. వాళ్లలో ఎక్కువమంది క్రీడా పాత్రికేయులే. నూటికి 80 మంది సరేనంటేనే తలుపు తెరుచుకుంటుంది. మైదానంలో ఏం చేశాడన్నదే చూడాలి, బయట ఏం చేశాడన్నది చూడకూడదన్నది నియమం. అందుకే ఎన్ని కేసులొచ్చినా ఓజే సింప్సన్ ప్రతిమను ఇక్కణ్నుంచి తీయలేదు.

గోల్‌కీపర్ లాంటి స్థానాల సంగతి వేరు, నలభై ఏళ్లొచ్చినా ఆడేవాళ్లున్నారు. ఈ ఆటలో క్వార్టర్‌బ్యాక్‌దీ అదే యోగం. కానీ ఓటర్ల బుర్రలు వేడెక్కేది మరో స్థానం దగ్గర. అదే రన్నింగ్ బ్యాక్!

కూతకెళ్లినవాడి బతుకు

అమెరికా ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు. మైదానం పొడవు వంద గజాలు. జట్టుకు 11 మంది. బంతి చేతికొచ్చిన జట్టుకు నాలుగు అవకాశాలు, వాటిలో పది గజాలు ముందుకు జరగాలి. జరిగితే మరో నాలుగు. అవతలి గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. బంతిని విసరడం క్వార్టర్‌బ్యాక్ పని. దాన్ని పొట్టకు హత్తుకుని మనుషుల గోడలోంచి దూసుకెళ్లడం రన్నింగ్ బ్యాక్ పని. కబడ్డీలో కూతకెళ్లినవాడి మీద అందరూ ఒక్కుమ్మడిగా పడతారే... అచ్చం అలాగే. కాకపోతే ఇక్కడ పడేవాళ్లలో చాలామంది వంద కిలోలు దాటినవాళ్లు!

అందుకే ఈ స్థానంలో ఆయుష్షు తక్కువ. ముప్ఫై ఏళ్లొచ్చాయంటే జట్టు యజమానులు అనుమానంగా చూడటం మొదలుపెడతారు. మోకాలో మడమో దెబ్బతింటే కథ కంచికే. మరి ఇలాంటివాళ్ల గొప్పదనాన్ని కొలిచేదెలా? ఎన్ని గజాలు పరుగెత్తాడన్నదే కొలబద్దా? ఈ ప్రశ్నకు ఒక్క పేరు చెబితే చాలు, అమెరికాలో ఏ టీకొట్టు లాంటి చోటైనా గంట కొట్లాట ఖాయం. ఆ పేరు టెరెల్ డేవిస్.

196వ నంబరు కుర్రాడు

శాన్‌డియాగోలో పుట్టి పెరిగాడు డేవిస్. చిన్నప్పట్నుంచీ మైగ్రేన్ తలనొప్పి. చేరిన కాలేజీలో ఫుట్‌బాల్ జట్టునే ఎత్తేస్తే జార్జియా విశ్వవిద్యాలయానికి మారాడు. 1995లో వృత్తి జట్లు ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు 195 మంది పేర్లు పిలిచాక గానీ అతని వంతు రాలేదు. ఆరో రౌండులో డెన్వర్ బ్రాంకోస్ తీసుకుంది. అలాంటివాళ్లలో సగం మంది సీజన్ మొదలవకముందే మూటాముల్లె సర్దుకుంటారు. ఆ ఏడాది టోక్యోలో సన్నాహక మ్యాచ్. ప్రత్యర్థి బంతితో దూసుకొస్తున్నప్పుడు డేవిస్ ఎదురెళ్లి గుద్దిన గుద్దుకు శిక్షకులు అవాక్కయ్యారు. జట్టులో చోటు ఖాయమైంది.

ఆ తరవాత వరసగా నాలుగు సీజన్లు. తొలి ఏడు 1,117 గజాలు. రెండో ఏడు 1,538. మూడో ఏడు 1,750. నాలుగో ఏడు, 1998లో, ఏకంగా 2,008! ఒక సీజన్‌లో రెండు వేల గజాలు దాటిన నాలుగో ఆటగాడు అతను. ఆ ఒక్క ఏడే 392 సార్లు బంతితో పరుగెత్తాడు. దాదాపు అన్నిసార్లూ ఎవరో ఒకరు వచ్చి ఢీకొట్టి ఉంటారు. ఆ ఏడాది లీగ్ అత్యుత్తమ ఆటగాడూ అతనే.

కళ్లు కనబడని పరుగు

1998 జనవరి 25. సూపర్ బౌల్ తుది పోరు. వేదిక డేవిస్ సొంతూరు శాన్‌డియాగో. ఎదురుగా డిఫెండింగ్ ఛాంపియన్ గ్రీన్‌బే ప్యాకర్స్. డెన్వర్ అంతకుముందు నాలుగుసార్లు ఫైనల్‌కొచ్చి నాలుగుసార్లూ ఓడింది. మొదటి క్వార్టర్‌లో డేవిస్ ఓ టచ్‌డౌన్ చేశాడు. కాసేపటికే మైగ్రేన్ మొదలైంది. చూపు మసకబారి పక్కకెళ్లి కూర్చున్నాడు.

రెండో క్వార్టర్ మొదలు. గీతకు గజం దూరంలో ఉంది డెన్వర్. శిక్షకుడు మైక్ షనహన్ అతని దగ్గరికొచ్చి ఒక్క ఆటకు మైదానంలో నిలబడమన్నాడు. కనబడకపోయినా ఫర్వాలేదు, బంతి ఇవ్వం, కానీ నువ్వు లేకపోతే వాళ్లు మోసపోరన్నది సారాంశం. డేవిస్ వెళ్లాడు. బంతి ఇతనికే ఇస్తారనుకుని ప్యాకర్స్ అంతా ఇతని మీదికి ఉరికారు. క్వార్టర్‌బ్యాక్ జాన్ ఎల్వే బంతిని తనే పట్టుకుని పక్కనుంచి తాపీగా గీత దాటేశాడు!

విరామంలో మందు పనిచేసింది. డేవిస్ తిరిగొచ్చి మరో రెండు టచ్‌డౌన్లు చేశాడు. మొత్తం 157 గజాలు. పరుగు ద్వారా మూడు టచ్‌డౌన్లు చేయడం సూపర్ బౌల్ చరిత్రలో అదే మొదటిసారి. డెన్వర్ 31-24తో గెలిచింది. జట్టుకు తొలి కప్పు. మరుసటి ఏడు కూడా కప్పు డెన్వర్‌దే.

ఒక్క మోకాలు

1999లో ఎల్వే రిటైరయ్యాడు. జట్టు భారమంతా డేవిస్ మీదే అనుకుంటుండగా నాలుగో మ్యాచ్‌లో ఉపద్రవం. ప్రత్యర్థులు బంతి లాక్కున్నారు. వాళ్లను ఆపడానికి పరుగెత్తాడు డేవిస్. ఆ గందరగోళంలో కుడి మోకాలి కీలుబంధాలు తెగిపోయాయి. వయసు 26. ఆ తరవాత రెండు సీజన్లు కుంటుతూనే ఆడాడు. మొత్తం 13 మ్యాచ్‌లే. 2002లో ఇక చాలన్నాడు. లెక్క మొత్తం 78 మ్యాచ్‌లు, 7,607 గజాలు.

అక్కడ మొదలైంది పేచీ!

2007 నుంచి అతని పేరు ఓటర్ల ముందుకొస్తూనే ఉంది. ఏటా ఎవరో ఒకరు ముందుకెళ్లిపోయారు. పదేళ్లు అలాగే గడిచాయి. వద్దన్నవాళ్ల వాదనలో బలం లేదనలేం. మొదటిది, ఏడు వేల ఆరొందల గజాలు ఏ మూలకు? ఎమిట్ స్మిత్ 18,355 గజాలు పరుగెత్తాడు. వాల్టర్ పేటన్ 16,726. పట్టుమని పదేళ్లయినా ఆడనివాణ్ని వాళ్ల పక్కన ఎలా కూర్చోబెడతారు?

రెండోది ఇంకా పదునైనది. ఆ పరుగులు డేవిస్‌వి కావు, డెన్వర్ పద్ధతివి అన్నారు. షనహన్ జట్టులో ముందు వరస భటులు గోడను పక్కకు జరిపి దారి తీసే తీరే వేరు. డేవిస్ పడిపోయిన ఏడే ఒలాండిస్ గ్యారీ అనే కొత్త కుర్రాడొచ్చి 1,159 గజాలు పరుగెత్తాడు. మరుసటి ఏడు మైక్ ఆండర్సన్ అనే మరో కొత్తవాడు 1,487! ఎవర్ని నిలబెట్టినా పరుగెత్తే యంత్రంలో డేవిస్ ఓ మర మాత్రమేనన్నారు.

మూడోది, ఇతనికిస్తే మరొకరికి ఎందుకివ్వరు? 2005లో సియాటిల్‌కి ఆడిన షాన్ అలెగ్జాండర్ కూడా లీగ్ అత్యుత్తమ ఆటగాడే. గజాల్లో డేవిస్‌ని దాటి 9,453 దాకా వెళ్లాడు. అతనికి ప్రతిమ లేదు.

చలికాలపు లెక్క

ఔనన్నవాళ్లు తెచ్చిన లెక్క వేరు. అది ప్లేఆఫ్స్ లెక్క. లీగ్ ముగిశాక జనవరి చలిలో జరిగే నాకౌట్ పోటీలవి. ఒక్కటి ఓడితే ఇంటికే. అలాంటి మ్యాచ్‌లు డేవిస్ 8 ఆడాడు. 1,140 గజాలు, 12 టచ్‌డౌన్లు. సగటున మ్యాచ్‌కు 142 గజాలకు పైనే! మొదటి మ్యాచ్ ఓడింది డెన్వర్. ఆ తరవాత ఏడుకి ఏడూ గెలిచింది. ఆ ఏడింట్లోనూ డేవిస్ వంద గజాలు దాటాడు. ఎదుటివాళ్లకు వచ్చేది ఇతనే అని తెలుసు, ఎటు వస్తాడో కూడా తెలుసు. ఆపలేకపోయారు.

పద్ధతి గొప్పదే అయితే ఆ తరవాత ఏమైంది? డేవిస్ గాయపడ్డ ఏడు డెన్వర్ 6 గెలిచి 10 ఓడింది. కొత్త కుర్రాళ్లు గజాలు సంపాదించారు గానీ జట్టు మళ్లీ ఒక ప్లేఆఫ్ మ్యాచ్ గెలవడానికి 2006 జనవరి దాకా పట్టింది. ఎల్వే లేకపోవడం కూడా అందుకు కారణమే, కాదనలేం. కానీ అదే ఎల్వే డేవిస్ రాకముందు మూడు ఫైనల్స్ ఆడి మూడూ ఓడాడు కదా! మర అనుకున్నది ఇరుసని అర్థం కావడానికి అంతకన్నా రుజువేం కావాలి?

ఇక ఏళ్ల లెక్క. ప్రతిమల గదిలోనే ఉన్నాడు గేల్ సేయర్స్. షికాగో బేర్స్ ఆటగాడు. మోకాళ్లు దెబ్బతిని 68 మ్యాచ్‌లకే ఆగిపోయాడు. గజాలు అయిదు వేలు కూడా లేవు, 4,956. అయినా 1977లో, 34 ఏళ్లకే ఇక్కడికొచ్చాడు. ఇంత చిన్న వయసులో ఈ గదిలోకి వచ్చినవాడు ఇప్పటికీ మరొకరు లేరు. జిమ్ బ్రౌన్ తొమ్మిదేళ్లే ఆడాడు. సేయర్స్‌కి తెరుచుకున్న తలుపు డేవిస్‌కెందుకు మూసుకోవాలి?

ఒకే వేదిక, ఇద్దరు పరుగువీరులు

2017 ఫిబ్రవరి 4న ఎట్టకేలకు డేవిస్ పేరు ప్రకటించారు. చిత్రమేమిటంటే అదే జాబితాలో మరో రన్నింగ్ బ్యాక్ ఉన్నాడు. లడేనియన్ టామ్లిన్సన్. 11 సీజన్లు, 13,684 గజాలు, 2006లో ఒక్క సీజన్‌లో 31 టచ్‌డౌన్ల రికార్డు. అర్హత వచ్చిన మొదటి ఏడే గెలిచాడు. అతను పేరు తెచ్చుకుంది శాన్‌డియాగో ఛార్జర్స్‌కు ఆడి. డేవిస్ పుట్టింది ఆ ఊళ్లో. గజాల్లో దాదాపు రెట్టింపు తేడా ఉన్న ఇద్దరూ ఆగస్టు 5న క్యాంటన్‌లో ఒకే వేదికనెక్కారు. అదే రోజు గౌరవం అందుకున్న సియాటిల్ రక్షకుడు కెన్నీ ఈస్లీ కూడా కిడ్నీ జబ్బుతో ఏడేళ్లకే ఆట మానేసినవాడు.

టామ్లిన్సన్ ఖాతాలో సూపర్ బౌల్ లేదు. డేవిస్ ఖాతాలో ఏళ్లు లేవు. ఒకరికి లేనిది మరొకరికుంది. ఇద్దరికీ చోటు దొరకడమే ఆ గది గొప్పతనం.

వాదన అంతటితో ముగియలేదు. ఫ్రాంక్ గోర్ అని మరొకాయన. 16 సీజన్లు ఆడి సరిగ్గా 16,000 గజాలు పూర్తిచేశాడు. చరిత్రలో అంతకన్నా ఎక్కువ పరుగెత్తినవాళ్లు ఇద్దరే. కానీ ఏ ఒక్క ఏడూ అతనే లీగ్‌లో మేటి అని ఎవరూ అనలేదు. డేవిస్‌ది శిఖరం, గోర్‌ది మైదానం... పొడవాటి, అలుపులేని మైదానం. 2026లో అతనికి అర్హత రావడంతో పాత ప్రశ్న తిరగబడి ముందుకొచ్చింది. ఎత్తుకి చోటిచ్చినవాళ్లు పొడవుకి ఇవ్వరా?

ఊరు చెప్పే తీర్పు

ఈ తగువుకి తీర్పు కావాలంటే ప్రతిమల గదిలోంచి బయటికొచ్చి ఊరి చరిత్ర చూడాలి.

క్యాంటన్ బుల్‌డాగ్స్ జట్టు 1922లో, 1923లో వరసగా ఛాంపియన్. ఆ రెండు సీజన్లలో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు! మరుసటి ఏడే డబ్బుల్లేక జట్టును క్లీవ్లాండ్‌కి అమ్మేశారు. 1925లో మళ్లీ తెచ్చుకున్నారు గానీ 1926 తరవాత బుల్‌డాగ్స్ లేదు. అంతే. లీగ్‌లో ఈ ఊరి వైభవం నాలుగు రోజుల ముచ్చటే. పేజీలు లెక్కపెడితే షికాగో, గ్రీన్‌బే చరిత్రల ముందు క్యాంటన్‌ది పదో వంతు కూడా ఉండదు.

అయినా 1959 డిసెంబరులో స్థానిక పత్రిక రిపాజిటరీ, ఫుట్‌బాల్‌కి ఓ కీర్తి మందిరం కావాలి, అది కట్టాల్సింది మన ఊళ్లోనే అని రాసింది. ఊరంతా కదిలింది. చందాలు పోగయ్యాయి. లీగ్ పెద్దలు ఒప్పుకున్నారు. 1963 సెప్టెంబరు 7న తలుపులు తెరుచుకున్నాయి. ఎన్నేళ్లు ఆడారని క్యాంటన్‌ను ఎవరూ అడగలేదు. ఈ ఊరు లేకుండా ఫుట్‌బాల్ కథ చెప్పగలమా అని మాత్రమే ఆలోచించారు. చెప్పలేమని తేలింది.

డేవిస్‌కీ వర్తించేది అదే కొలత. 1990ల చివరి ఫుట్‌బాల్ కథను అతను లేకుండా చెప్పి చూడండి. ఎల్వే చేతిలో కప్పు ఉండదు, డెన్వర్ వీధుల్లో విజయయాత్ర ఉండదు, కళ్లు కనబడకపోయినా గజం దూరంలో నిలబడి పదకొండు మందిని బోల్తా కొట్టించిన ఆ ఒక్క క్షణమూ ఉండదు. గజాలు తక్కువైతే తక్కువే. కథలోంచి తీసేస్తే కథే కూలిపోయేవాడు మందిరంలో ఉండాల్సినవాడే.

ఏటా ఆగస్టు మొదటివారంలో క్యాంటన్‌లో సందడే సందడి. ఊరేగింపులు, బంగారు రంగు కోట్లు తొడుక్కున్న పాత వీరులు, వాళ్ల సంతకాల కోసం ఎగబడే జనం. ఆ కోట్లలో రన్నింగ్ బ్యాక్‌లు ఎవరో పోల్చుకోవడానికి పేర్లు చదవక్కర్లేదు. మెట్లెక్కేటప్పుడు చూస్తే చాలు. ఒక్కో మెట్టు దగ్గరా ఆగి, కమ్మీ పట్టుకుని, మోకాలికి మరీ చెప్పి ఎక్కుతుంటారు.